డెస్క్‌టాప్‌కు అదనపు ర్యామ్: కొనేముందు పొంతన సరిచూసుకునే పద్ధతి

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ర్యామ్ బిగించడం పది నిమిషాల పని. ఏ ర్యామ్ కొనాలో తేల్చుకోవడమే అసలు పని. నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే రకాలే నిల్వ ఉంటాయి. కాస్త పాత రకమో, అరుదైన రకమో కావలసివస్తే నెల్లూరు వారు చెన్నై రిచీ స్ట్రీట్ వైపు, ఒంగోలు వారు విజయవాడ వైపో సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపో చూస్తారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. అంత దూరం నుంచి వచ్చిన ర్యామ్ స్లాటులో దిగకపోయినా, దిగి తెర మీద బొమ్మ రాకపోయినా, మార్పిడికి మళ్లీ ప్రయాణమో పార్సిలో తప్పదు. సీలు విప్పిన ప్యాకెట్టును వెనక్కు తీసుకోవడానికి ఒప్పుకోని దుకాణాలూ ఉన్నాయి. పైగా 2025 చివరి నెలల నుంచి మెమొరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి కనుక తప్పు కొనుగోలు మునుపటికన్నా బరువైన నష్టం.

పొంతన అనేది ఒకే ప్రశ్న కాదు. తరం, ఆకారం, సామర్థ్యం, వేగం, జోడీ అనే ప్రశ్నలను ఈ వరుసలోనే వేసుకోవాలి. ముందు ప్రశ్నకు ‘కుదరదు’ అనే జవాబు వస్తే తరువాతివి చూడనక్కరలేదు. దుకాణంలో ‘ఎనిమిది జీబీ ర్యామ్ ఇవ్వండి’ అని అడిగేవారు మూడో ప్రశ్నతో మొదలుపెడుతున్నారు. చిక్కులలో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

ముందుగా: లోటు ర్యామ్‌లోనే ఉందా?

రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే భాగంలోని మెమొరీ పేజీని చూడండి. చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కార్యాలయంలో ట్యాలీ, ఈ-వే బిల్లుల కోసం బ్రౌజరు, రెండు ఎక్సెల్ పట్టికలు తెరిచినప్పుడు 4 జీబీలో తొంభై శాతం నిండిపోయి ఉంటే ర్యామ్ పెంచవలసిందే. మెమొరీ సగానికి కాస్త పైన నిలిచి, డిస్క్ మాత్రం నూరు శాతం చూపిస్తూ ఉంటే లోపం పాత హార్డ్ డిస్క్‌లో ఉంది. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడం మేలు. పెళ్లి ఆల్బమ్‌లు కూర్చే ఫొటో స్టూడియోల సంగతి వేరు: ఫొటోషాప్‌లో పెద్ద పేజీలు తెరిచే యంత్రానికి 16 జీబీ కనీసం, 32 జీబీ ఉంటే హాయి.

అదే మెమొరీ పేజీలో ఎన్ని స్లాట్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని నిండాయో, ఇప్పటి వేగం ఎంతో కూడా కనిపిస్తాయి. వీటిని రాసుకోండి, కానీ ఇదే చివరి మాట అనుకోవద్దు. స్లాట్ల లెక్కను కొన్ని మదర్‌బోర్డులు (కంప్యూటరు భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డులు) తప్పుగా చెబుతాయి. క్యాబినెట్ తెరిచి కంటితో చూసినదే ప్రమాణం.

మొదటి మెట్టు: మదర్‌బోర్డు పేరు, ప్రాసెసరు పేరు

విండోస్ వెతుకుడు పెట్టెలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని కొడితే వచ్చే పట్టికలో బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరుసలో బోర్డు నమూనా పేరు, ప్రాసెసర్ అన్న వరుసలో ప్రాసెసరు పేరు ఉంటాయి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇదే సమాచారాన్ని ఇంకా వివరంగా ఇస్తుంది. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో, ముఖ్యంగా చౌక బోర్డులలో, పేరు ఉండవలసిన చోట తయారీదారు నింపవలసిన ఖాళీ గడి అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. అప్పుడు క్యాబినెట్ పక్క తలుపు తీసి, ర్యామ్ స్లాట్ల దగ్గరో, ప్రాసెసరుకు, కార్డు స్లాట్లకు నడుమనో పెద్ద అక్షరాలతో అచ్చయి ఉన్న పేరును ఫోనుతో ఫొటో తీసుకోండి. దాని పక్కనో, బోర్డు మూలలోనో చిన్నగా ఉండే రివిజన్ సంఖ్యను కూడా తీయండి. ఒకే పేరుతో వచ్చిన రెండు రివిజన్లకు మెమొరీ నియమాలు వేరుగా ఉండవచ్చు.

డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీ యంత్రాలకు బోర్డు పేరుకన్నా యంత్రం నమూనా పేరు, దాని మీది సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరు ముఖ్యం. కార్యాలయాలు వదిలించుకున్న ఈ యంత్రాలు రీఫర్బిష్డ్ పేరుతో మన ఊళ్లకు విరివిగా వస్తున్నాయి. నమూనా అంకెను ఒక్కదాన్నే నమ్మడం ఎందుకు చాలదో డెల్ ఆప్టిప్లెక్స్ 7010 చూపిస్తుంది. 2012లో ఆ పేరుతో వచ్చిన యంత్రం డీడీఆర్3 (ర్యామ్‌లో ఒక తరం పేరు; అంకె పెరిగే కొద్దీ కొత్త తరం) వాడుతుంది. 2023లో అదే అంకెను మళ్లీ పెట్టి, పదమూడో తరం ఇంటెల్ ప్రాసెసరుతో వచ్చిన యంత్రంలో డీడీఆర్3 పట్టదు. సర్వీస్ ట్యాగ్‌ను కంపెనీ సహాయ పేజీలో కొడితే ఈ సందిగ్ధం ఉండదు.

రెండవ మెట్టు: తరం

ర్యామ్ తరాలు ఒకదానిలో ఒకటి ఇమడవు. స్టిక్ (స్లాటులో గుచ్చే ర్యామ్ పట్టీ) అడుగు అంచున ఉండే గాడి ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. తప్పు తరం స్టిక్కును బలవంతంగా నొక్కితే స్లాటో స్టిక్కో విరుగుతుంది. డీడీఆర్2, డీడీఆర్3 డెస్క్‌టాప్ స్టిక్కులు రెండింటికీ 240 స్పర్శ బిందువులు, డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288. బిందువుల సంఖ్య ఒకటే అయినంత మాత్రాన ఒకదాని చోట మరొకటి పెట్టుకోవచ్చనుకోకూడదు. గాడి స్థానమూ వేరు, విద్యుత్ వోల్టేజీ కూడా వేరే: డీడీఆర్2కు 1.8, డీడీఆర్3కు 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 వోల్టులు.

ఇంటెల్ ప్రాసెసరు అయితే తరాన్ని బట్టి చాలావరకు ముందే ఊహించవచ్చు. రెండు, మూడు, నాలుగో తరాల కోర్ ప్రాసెసర్ల డెస్క్‌టాప్ బోర్డులు డీడీఆర్3వి. ఎనిమిది నుంచి పదకొండో తరం వరకు డీడీఆర్4. ఏఎండీ వైపు ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే చోటు) అయితే డీడీఆర్4, ఏఎం5 అయితే డీడీఆర్5 మాత్రమే.

జాగ్రత్త పడవలసినవి రెండు సంధి కాలాలు. ఆరు, ఏడు తరాల ఇంటెల్ ప్రాసెసర్లు డీడీఆర్4తో పాటు తక్కువ వోల్టేజీ డీడీఆర్3ఎల్‌ను కూడా స్వీకరిస్తాయి; అందుకే హెచ్110 చిప్‌సెట్‌తో (బోర్డులోని భాగాలను ప్రాసెసరుతో కలిపే చిప్పుతో) రెండు రకాల బోర్డులూ వచ్చాయి. డీడీఆర్3 స్లాట్లున్న అటువంటి బోర్డులో 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ వేయాలే తప్ప, గాడి సరిపోయింది కదా అని పాత 1.5 వోల్టుల స్టిక్కు వేయకూడదు. వెంటనే పనిచేసినట్టు కనిపించినా, ప్రాసెసరులోని మెమొరీ కంట్రోలరుకు దీర్ఘకాలంలో హాని జరగవచ్చు. రెండో సంధి కాలం పన్నెండు, పదమూడు, పద్నాలుగో తరాలు. ఈ ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెండింటినీ నడపగలవు గాని, మనకు ఏది కావాలో బోర్డే నిర్ణయిస్తుంది. హెచ్610, బీ660, బీ760 చిప్‌సెట్ల బోర్డుల పేరు చివర కొన్ని కంపెనీలు డీ4 అని చేరుస్తాయి. ఆ రెండక్షరాలను చూడకుండా ‘పన్నెండో తరం సిస్టమ్‌కు ర్యామ్’ అని అడగడం సగం ప్రశ్న మాత్రమే.

మూడవ మెట్టు: ఆకారం, రకం

నిలువు క్యాబినెట్ ఉన్న మామూలు డెస్క్‌టాప్‌లో సుమారు 13 సెంటీమీటర్ల పొడవైన స్టిక్కు పడుతుంది. పుస్తకం పరిమాణంలో ఉండే చిన్న డెస్క్‌టాప్‌లు, తెరలోనే అంతా ఇమిడి ఉండే ఆల్-ఇన్-వన్‌లు చాలావరకు ల్యాప్‌టాప్‌లకు వాడే పొట్టి స్టిక్కులనే వాడతాయి. వీటిని డెస్క్‌టాప్ అని అమ్ముతారు కాబట్టి డెస్క్‌టాప్ ర్యామే అడిగి తెచ్చుకునే వారున్నారు. మూత తీసి చూడకుండా కొనవద్దు.

సర్వర్ల నుంచి తీసిన స్టిక్కులు సెకండ్ హ్యాండ్ మార్కెట్టులో చౌకగా కనిపిస్తాయి. పొడవు, గాడి మన డెస్క్‌టాప్ స్టిక్కు లాగానే ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం రిజిస్టర్డ్ రకం, అంటే సంకేతాలను నడుమన ఒక అదనపు చిప్పు ద్వారా పంపేవి. మామూలు ఇంటెల్ కోర్, రైజెన్ డెస్క్‌టాప్‌లలో రిజిస్టర్డ్ స్టిక్కులు పనిచేయవు. చిప్పులను లెక్కపెడితే కొంత పట్టుకోవచ్చు: డీడీఆర్4 వరకు ఒక వైపు ఎనిమిది చిప్పులకు బదులు తొమ్మిది ఉంటే, అది తప్పులు సరిదిద్దే ఈసీసీ రకం. ఆ చిప్పులతో పాటు నడుమన వేరే ఆకారంలో మరో చిన్న చిప్పు కూడా కనిపిస్తే అది రిజిస్టర్డ్ అని అనుమానించాలి. అంతకన్నా నమ్మకమైన ఆధారం లేబుల్.

లేబుల్ చదవడం

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్న స్టిక్కు మీది కాగితపు లేబుల్‌ను చదవడం వచ్చినవారికి మిగతా మెట్లన్నీ సగం సులువవుతాయి. లేబుల్ మీద అక్షరాలు ఇంగ్లిషులో ఉంటాయి. వాటిని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఉదాహరణకు ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-యూఏ2-11’ అని ఉందనుకోండి.

మొదటి భాగం సామర్థ్యం. రెండవ భాగంలోని 1ఆర్ అంటే చిప్పులు ఒకే వరుసగా, అంటే ఒకే ర్యాంకుగా పనిచేస్తాయని, ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు ఒకేసారి ఎనిమిది బిట్లు అందిస్తుందని అర్థం. మెమొరీ దారి వెడల్పు 64 బిట్లు కనుక అలాంటి స్టిక్కు మీద ఎనిమిది చిప్పులు ఉంటాయి. 2ఆర్ఎక్స్8 అయితే పదహారు, 1ఆర్ఎక్స్16 అయితే నాలుగే. మూడవ భాగంలో పీసీ4 అనేది డీడీఆర్4 తరాన్ని, 2666 వేగాన్ని తెలుపుతాయి. అంకె వెంటనే వచ్చే అక్షరం కూడా వేగ తరగతికే గుర్తు: 2133కు పీ, 2400కు టీ, 2666కు వీ, 3200కు రెండు ఏలు.

గీత తరువాత వచ్చే మొదటి అక్షరం అన్నిటికన్నా విలువైనది. అది యూ అయితే మామూలు డెస్క్‌టాప్ స్టిక్కు. ఎస్ అయితే ల్యాప్‌టాప్ రకం పొట్టి స్టిక్కు. ఆర్ అయితే సర్వర్లకు చెందిన రిజిస్టర్డ్ రకం. ఈ అయితే ఈసీసీ. అమ్మేవారు ‘ఏ సిస్టమ్‌కైనా సెట్ అవుతుంది’ అన్నప్పుడు మీరు చూడవలసింది ఈ ఒక్క అక్షరాన్నే.

కొన్ని లేబుళ్లు వేగాన్ని నేరుగా కాక, సెకనుకు ఎన్ని మెగాబైట్లు అన్న రూపంలో ఇస్తాయి. వేగం అంకెను ఎనిమిదితో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది: పీసీ3-12800 అంటే డీడీఆర్3లో 1600, పీసీ4-19200 అంటే డీడీఆర్4లో 2400, పీసీ4-25600 అంటే 3200, పీసీ5-38400 అంటే డీడీఆర్5లో 4800. ఒక స్టిక్కు మీద 2400, మరొక దాని మీద 19200 కనిపించి, రెండోది ఎనిమిది రెట్లు వేగమైనదని మురిసిపోనక్కరలేదు. అవి రెండూ ఒకటే.

నాలుగవ మెట్టు: గరిష్ఠ సామర్థ్యం

ఇక్కడ మూడు హద్దులున్నాయి: బోర్డు, ప్రాసెసరు, ఆపరేటింగ్ సిస్టమ్. మూడింటిలో ఏది చిన్నదైతే అదే మన హద్దు.

బోర్డు హద్దు మొత్తంగానూ ఉంటుంది, ఒక్కో స్లాటుకూ ఉంటుంది. హెచ్61 చిప్‌సెట్ బోర్డులు మన ప్రాంతపు ఇంటర్నెట్ కేంద్రాలలో, పాత కార్యాలయాలలో ఇంకా నడుస్తున్నాయి. వీటికి రెండు స్లాట్లు, స్లాటుకు 8 జీబీ చొప్పున మొత్తం 16 జీబీయే. హెచ్110కు 32 జీబీ. నాలుగు స్లాట్లున్న ఆరో, ఏడో తరం బోర్డుకు 64 జీబీ హద్దు అంటే స్లాటుకు 16 జీబీ అని. దానిలో 32 జీబీ స్టిక్కు ఒకటి పెట్టి సరిపెట్టుకుందామంటే అధికారికంగా కుదరదు. ఒక్కో స్టిక్కుకు హద్దు ఎంతో బోర్డు తయారీదారు వెబ్ పేజీలోని స్పెసిఫికేషన్స్ భాగంలో ఉంటుంది. అక్కడే మెమొరీ సపోర్ట్ లిస్ట్, లేదా క్యూవీఎల్, అనే పట్టిక దొరుకుతుంది. అందులో పరీక్షించిన స్టిక్కుల పార్ట్ నంబర్లు ఉంటాయి. పట్టికలో లేనిది పనిచేయదని కాదు, పరీక్షించలేదని మాత్రమే అర్థం. అయినా ఉన్నవాటిలో మనకు దొరికేది ఒకటి ఉంటే దాన్నే కొనడం తెలివైన పని.

పాత బోర్డులకు మరొక మెలిక ఉంది. జీ41 చిప్‌సెట్‌తో వచ్చిన డీడీఆర్3 బోర్డులు 2 గిగాబిట్ల సాంద్రతకు మించిన చిప్పులను గుర్తించవు (ఎనిమిది గిగాబిట్లు కలిస్తే ఒక జీబీ). 4 జీబీ స్టిక్కు మీద పదహారు చిప్పులుంటే ఒక్కో చిప్పు 2 గిగాబిట్లు, కనుక పనిచేస్తుంది. ఎనిమిదే ఉంటే ఒక్కోటి 4 గిగాబిట్లు, కనుక తెర వెలగకపోవచ్చు, లేదా సగమే కనిపించవచ్చు. తరం ఒకటే, వేగం ఒకటే, సామర్థ్యం ఒకటే, అయినా ఒకటి పనిచేసి మరొకటి పనిచేయకపోవడానికి ఇదొక కారణం. ఇటువంటి యంత్రానికి డబ్బు పెట్టడమే దండగ అన్నది నా అభిప్రాయం గాని, తప్పనిసరి అయితే పదహారు చిప్పుల స్టిక్కే అడగండి. ‘ఏఎండీకి మాత్రమే’ అన్న ముద్రతో ఆన్‌లైన్‌లో చౌకగా వచ్చే డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్కులు కూడా ఈ కోవకే చెందుతాయి. వాటిలో ఒక్కో చిప్పు నాలుగు బిట్లే అందిస్తుంది. ఇంటెల్ డెస్క్‌టాప్‌లు ఆ అమరికను ఒప్పుకోవు.

ప్రాసెసరు హద్దును ఇంటెల్ గాని ఏఎండీ గాని తమ ఉత్పత్తి పేజీలో మెమొరీ స్పెసిఫికేషన్స్ కింద ఇస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ విషయానికి వస్తే, 32 బిట్ల విండోస్ డెస్క్‌టాప్ రకాలకు 4 జీబీయే హద్దు. వాడుకకు అంతకన్నా తక్కువే మిగులుతుంది. విండోస్ 7 హోమ్ బేసిక్ 64 బిట్లదైనా 8 జీబీ దాటదు, హోమ్ ప్రీమియం 16 జీబీ దాటదు. విండోస్ 10 హోమ్ 64 బిట్లది 128 జీబీ వరకు చూస్తుంది కాబట్టి అక్కడ చింత లేదు. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో సిస్టమ్ టైప్ అన్న వరుసలో 64 బిట్లా, 32 బిట్లా అన్నది కనిపిస్తుంది. 32 బిట్ల విండోస్‌లో పాత అకౌంటింగ్ ప్రోగ్రామ్‌ను నడుపుతున్న దుకాణదారులు ర్యామ్‌కన్నా ముందు 64 బిట్ల విండోస్‌కు మారే సంగతి చూడాలి. ఆ మార్పుకు తాజాగా ఇన్‌స్టాల్ చేయక తప్పదు, కనుక డేటాను ముందుగా వేరే డిస్కులోకి తీసి ఉంచుకోవాలి.

అయిదవ మెట్టు: వేగం

వేగం తేడా వల్ల సాధారణంగా ఏదీ పాడవదు. వేర్వేరు వేగాల స్టిక్కులు కలిస్తే అన్నీ తక్కువ వేగానికి దిగి నడుస్తాయి. బోర్డు, ప్రాసెసరు హద్దులు అంతకన్నా తక్కువైతే అక్కడికే దిగుతాయి. పదో తరం ఐ3, ఐ5 ప్రాసెసర్లకు అధికారిక హద్దు 2666. హెచ్410 బోర్డు మీద వాటికి 3200 స్టిక్కు వేసినా 2666లోనే నడుస్తుంది. పాత స్టిక్కు 2400 అయి, అంగడిలో 3200 మాత్రమే దొరికితే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, డబ్బు ఎక్కువ ఇవ్వనంత వరకు.

మెరిసే లోహపు కవచాలతో, 3600 వంటి అంకెలతో అమ్మే స్టిక్కుల మీది వేగం ఎక్స్‌ఎంపీ, లేదా ఏఎండీ వారి ఎక్స్‌పో, అనే సెట్టింగును బయోస్‌లో (విండోస్ రాకముందే నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌లో) తెరిస్తేనే వస్తుంది. లేకపోతే అవి తమ మూల వేగంలోనే నడుస్తాయి. సీపీయూ-జెడ్‌లో వేగం సగంగా, 2666కు బదులు 1333గా, కనిపిస్తే కంగారు పడకండి. గడియారపు ప్రతి తిప్పుకూ రెండుసార్లు డేటా కదులుతుంది, ఆ ప్రోగ్రామ్ గడియారాన్నే చూపిస్తుంది. ఇక లోహపు కవచం ఎత్తుగా ఉన్న స్టిక్కు పెద్ద సీపీయూ కూలరు కిందకు దూరకపోవచ్చు కనుక, కూలరు ఫ్యాను స్లాట్ల మీదికి వంగి ఉంటే ముందుగా స్కేలుతో కొలవండి.

ఆరవ మెట్టు: జోడీ

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసరుకు మెమొరీ వైపు రెండు ఛానెళ్లుంటాయి. ఒకే 16 జీబీ స్టిక్కుకన్నా రెండు 8 జీబీ స్టిక్కులు రెండు ఛానెళ్లలోనూ పడితే డేటా రాకపోకలకు రెట్టింపు దారి దొరుకుతుంది. వేరే గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌తోనే నడిచే యంత్రాలలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే రెండే స్లాట్లున్న బోర్డులో రేపు 32 జీబీకి వెళ్లే ఆలోచన ఉంటే, ఇవాళ రెండు 8 జీబీలు కొనడం వల్ల అవి రెండూ రేపు పక్కన పెట్టవలసినవవుతాయి. అలాంటప్పుడు ఒక 16 జీబీ కొని, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోవడమే నయం.

పాత 4 జీబీ పక్కన కొత్త 8 జీబీ పెట్టవచ్చా? పెట్టవచ్చు. ఇంటెల్ యంత్రాలలో ఫ్లెక్స్ మోడ్ అనే ఏర్పాటు వల్ల చెరో 4 జీబీ చొప్పున మొదటి 8 జీబీ రెండు ఛానెళ్లలో, మిగిలిన 4 జీబీ ఒకే ఛానెల్‌లో నడుస్తాయి. కంపెనీలు వేరైనా సాధారణంగా చిక్కు ఉండదు. చిక్కు వచ్చేది వోల్టేజీ వేరైనప్పుడు, రెండింటికీ ఎక్స్‌ఎంపీ తెరిచినప్పుడు, నాలుగు స్లాట్లూ నిండినప్పుడు. నాలుగు స్టిక్కుల డీడీఆర్5 యంత్రాలు రెండు స్టిక్కుల వేగాన్ని అందుకోలేకపోవడం మామూలే, అది లోపం కాదు. ఫొటో స్టూడియో యంత్రం వంటి, పని మధ్యలో ఆగిపోతే నష్టం జరిగే చోట, పాతదానికి కొత్తది జోడించకుండా ఒకే ప్యాకెట్టులో జంటగా వచ్చే కిట్ తీసుకోమనే నేను చెబుతాను.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులను సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని అచ్చయి ఉండేవి అవే. కంపెనీ యంత్రాలలో ఈ వరుస మారుతుంది కనుక మూత లోపలి బొమ్మను చూడండి.

కొనేటప్పుడు

దుకాణానికి వెళ్లేటప్పుడు బోర్డు పేరు ఫొటో, పాత స్టిక్కు లేబుల్ ఫొటో వెంట ఉంచుకోండి. పాత స్టిక్కునే తీసి జేబులో పెట్టుకు వెళ్లడం కన్నా ఇది మంచిది. చెమట చేతులు, జేబులోని తాళాల గుత్తి దానికి మేలు చేయవు. జీఎస్టీ బిల్లు మీద స్టిక్కు సీరియల్ నంబరు రాయించుకోండి. పేరున్న కంపెనీలు ర్యామ్‌కు చాలా ఏళ్ల వారంటీ ఇస్తాయి గాని అది ఆ రెండు ఆధారాల మీదే నడుస్తుంది. మీ బోర్డులో పనిచేయకపోతే ఎన్ని రోజులలోగా మార్చి ఇస్తారో డబ్బు ఇవ్వకముందే అడిగి, వీలైతే బిల్లు మీదనే రాయించండి. సెకండ్ హ్యాండ్ కొంటే మీ యంత్రాన్నే అంగడికి తీసుకెళ్లి, అక్కడే బిగించి చూడటం ఉత్తమం.

డీడీఆర్5లో 24, 48 జీబీ స్టిక్కులు కూడా ఉన్నాయి. ఇవి 2023 నుంచి అందుబాటులోకి వచ్చాయి కనుక అంతకన్నా పాత బోర్డులకు బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చు. ఆ అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. వేసవి కోతల వేళ, తుపాను హెచ్చరికలున్న రోజుల్లో ఆ పని పెట్టుకోవద్దు. బ్యాటరీ బాగున్న యూపీఎస్ లేకుండా అసలే వద్దు.

బిగించడం

కంప్యూటరు షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. క్యాబినెట్ లోహపు భాగాన్ని చేత్తో తాకి ఒంటి మీది స్థిర విద్యుత్తును పోగొట్టుకున్నాకే స్టిక్కును పట్టుకోండి, అదీ అంచులతో.

చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము, తీరం పొడుగునా ఉప్పుగాలి రెండూ స్లాట్లకు శత్రువులే. మూత తీసిన వెంటనే కొత్త స్టిక్కు గుచ్చకండి. పాతవి తీయకముందే, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయరుతో దుమ్ము వదిలించండి. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల పక్కనుండే కార్యాలయాల యంత్రాలలో పాత స్టిక్కు బంగారు రంగు బిందువులు మసకబారి ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన టెక్నీషియన్లకు ఉంది. తేలిగ్గా రుద్దితే పని జరుగుతుంది గాని, బంగారు పూత చాలా పలచన. పదే పదే రుద్దకూడదు, రబ్బరు పొడి స్లాటులో పడకూడదు.

స్లాటు చివరి క్లిప్పులను తెరిచి (కొన్ని బోర్డులకు ఒక వైపే క్లిప్పు ఉంటుంది), గాడిని సరిచూసుకుని, రెండు చివరలా సమానంగా నొక్కితే క్లిప్పు టిక్కుమంటూ తనంతట తానే మూసుకుంటుంది. క్లిప్పును వేలితో మూయవలసి వచ్చిందంటే స్టిక్కు పూర్తిగా దిగలేదు.

ఆన్ చేశాక

మొదటిసారి తెర ఆలస్యంగా వెలుగుతుంది. కొత్త స్టిక్కులకు తగిన సమయాలను బోర్డు వెతుక్కుంటుంది. డీడీఆర్5లో ఇందుకు కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. ఆ మధ్యలో కంగారుపడి స్విచ్ ఆపకండి. అంతసేపు ఆగినా డిస్‌ప్లే రాకపోతే, బీప్‌లు మోగుతూ ఉంటే, ప్లగ్ తీసి కొత్తదాన్ని తీసేసి పాతదానితో ఆన్ చేయండి. అది వెలిగితే కొత్త స్టిక్కును ఒక్కదాన్నే పాతది ఉన్న స్లాటులో పెట్టి చూడండి. ఒంటరిగా వెలిగిందంటే అనుమానం రెండో స్లాటు మీదికో, జోడీ మీదికో వెళుతుంది; వెలగకపోతే తరం, సాంద్రత ప్రశ్నలను మళ్లీ చూసుకోవాలి, లేదా స్టిక్కే పాడైనదనుకోవాలి.

విండోస్‌లో 16 జీబీ పెట్టినట్టు చూపిస్తూ వాడుకకు 8 జీబీయే అంటుంటే, ముందు స్టిక్కులను తీసి మళ్లీ బిగించండి. అప్పటికీ మారకపోతే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ భాగపు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, మ్యాక్సిమమ్ మెమొరీ గడిలో టిక్కు ఉంటే తీసేయండి. కొన్ని వందల మెగాబైట్ల తేడా మాత్రం ప్రాసెసరులోని గ్రాఫిక్స్ తన వాటాగా తీసుకున్నది.

చివరగా, మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి, దానితోనే యంత్రాన్ని బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. విండోస్‌తో వచ్చే మెమొరీ డయాగ్నొస్టిక్ తొందరగా ముగుస్తుంది గాని అంత కఠినమైనది కాదు. ఫలితంలో తప్పులు సున్నా ఉండాలి. ఒకటి రెండే కదా అని ఉపేక్షిస్తే అవి ట్యాలీ డేటాలోనో ఆల్బమ్ ఫైళ్లలోనో తేలతాయి. తప్పులు కనిపిస్తే ఒక్కో స్టిక్కును విడిగా, ఒకే స్లాటులో పెట్టి మళ్లీ పరీక్షించండి. ఒంటరిగా కూడా తప్పులు చూపే స్టిక్కు కొత్తదే అయితే ఆ తెరను ఫొటో తీసి బిల్లుతో సహా దుకాణానికి వెళ్లండి. రెండూ విడివిడిగా శుభ్రంగా ఉండి, కలిసినప్పుడే తప్పులు వస్తుంటే ఎక్స్‌ఎంపీ మూసి, వేగాన్ని బయోస్‌లో ఒక మెట్టు తగ్గించి చూడండి; అప్పటికీ వస్తుంటే ఆ రెండూ కలవవు, పాతదాని లేబుల్‌తో సరిపోయే మరో స్టిక్కుకు కొత్తదాన్ని మార్చుకోవాలి.